చేల వైపు హారను

నెమలిపాడు,
8 జనవరి 2007

తమ్ముడు ఇమ్మానియేలుకు,

తెల్లవారి ప్రార్థనలో నీ పేరు చెప్పుకుని లేచి, పొయ్యి ముట్టించకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ దగ్గు తగ్గిందా? చలికి చెవులకు గుడ్డ కట్టుకోరా అంటే నవ్వుతావు. చెవులతో బతికేవాడివి, వాటిని కాచుకోవద్దూ?

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మీ బావ చొక్కా జేబులో ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని వింటుంటే నేను ఈ సంగతి నోరు విప్పి చెప్పలేను.

ఈ ఫిబ్రవరికి మన చర్చి కట్టి యాభై ఏళ్ళు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తేదీల్లో సభలు పెట్టారు. సంఘ పెద్దలు గుంటూరులో ఏదో పెద్ద సభకు వెళ్ళి అక్కడ వేలాడదీసిన స్పీకర్లు చూసొచ్చారు. అప్పటినుంచి ఒకటే మాట, మనకూ అవే కావాలని. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, "దీవెనమ్మా, మీ తమ్ముడి దగ్గర అవే ఉన్నాయటగా, పిలిపించకూడదూ?" అన్నారు. నేను సంతోషం పట్టలేక సరేనన్నాను. నాలుగేళ్ళయింది నువ్వు ఊరికి వచ్చి. నాకు అదొక్కటే కళ్ళముందు ఆడింది. చర్చి మెట్లు దిగి సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, ముప్ఫై ఏళ్ళుగా ఏటా మన సభలకు మైకు కట్టేది నా ఇంటాయనేనని.

ఆయనకు చెప్పాను. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "వాడు ఎక్కడ పడుకుంటాడంట?" అని మాత్రం అడిగారు. అది కోపమో కాదో నాకు అర్థం కాలేదు. ఆయన హారన్లు చూపించి "ఈ పాత ఇనుము అమ్మెయ్ బావా" అని నువ్వు పదిమందిలో అన్న మాట ఆయన మరిచిపోలేదు. "ఆ ఇనుమే నీకు అన్నం పెట్టిందిరా" అన్న మాట నువ్వూ మరిచిపోలేదు. మీరిద్దరూ ఒక పందిట్లో పనిచేస్తే చూడాలని నా కోరిక. దానికోసమే నేను అడుగుతున్నాను. సభలకోసమని సంఘంతో చెప్పానుగాని, దేవుడికి తెలుసు నా లోపలి సంగతి.

వస్తానని రాయి. గోంగూర పచ్చడి జాడీలో పెట్టి ఉంచాను.

నీ అక్క,
దీవెనమ్మ


హైదరాబాదు,
16 జనవరి 2007

అక్కా,

వస్తున్నాను. ముందు ఆ మాట చదువుకుని తర్వాత మిగతాది చదువు. దగ్గు పోయింది. గోంగూర మీద చెయ్యి పడనివ్వకు, బావకు కూడా పెట్టకు.

నేనూ మా స్నేహితులిద్దరూ కలిసి కొనుక్కున్న సెట్టు గురించి నీకు ఫోనులో చెప్పబోతే బావ దగ్గాడు, నువ్వు మాట మార్చావు. ఇప్పుడు చెబుతాను విను. దీన్ని లైన్ ఎర్రే అంటారు. ఒక్కో పెట్టె నీ పెళ్ళినాటి ట్రంకు పెట్టెలో సగం ఉంటుంది. స్టేజీకి ఆ పక్క ఎనిమిది, ఈ పక్క ఎనిమిది. ఒకదాని కింద ఒకటి తగిలించి గొలుసుతో పైకి లాగుతాం. చూడ్డానికి అరటి గెల వేలాడినట్టు, కింది భాగం కాస్త లోపలికి వంగి ఉంటుంది. పై పెట్టెలు చివరి వరసను చూస్తాయి, కింది పెట్టెలు ముందు చాపల మీద కూర్చున్న ముసలమ్మలను చూస్తాయి. ఇకమీదట ముందువాళ్ళు చెవులు మూసుకోవడం, వెనకవాళ్ళు "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అడుక్కోవడం ఉండదు. అందరికీ ఒకే మాట, ఒకే బరువుతో.

దీని అసలు గొప్ప అది కూడా కాదు. పందిరి దాటి నాలుగడుగులు వేస్తే మాట పలచబడిపోతుంది. పరీక్షలకు చదివే పిల్లలకు గోల లేదు, మంచాన పడ్డవాళ్ళకు గోల లేదు. శబ్దాన్ని ఎక్కడికి కావాలో అక్కడికే పంపిస్తాం.

ఒక్క సంగతి బావకు నెమ్మదిగా చెప్పు. ఈసారి ఆయన గరాటు హారన్లు కట్టొద్దు. ఒక్కటి కూడా వద్దు. దూరాన హారను మోగితే ఒకే మాట రెండుసార్లు వినపడి పందిట్లో వాక్యం చెడిపోతుంది. బావ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో నీకే తెలుసు.

నీ ఇమ్ము


నెమలిపాడు,
23 జనవరి 2007

ఇమ్మూ,

నువ్వు వస్తున్నావని చదివి మోకరించాను. ఆ తర్వాత జరిగింది మాత్రం బాగాలేదు.

పోస్టుమాను నీ ఉత్తరం మీ బావ చేతికే ఇచ్చాడు. ఆయన తెచ్చి నా ఒళ్ళో వేసి, అరుగు మీద కూర్చుని, "చదువు" అన్నారు. ఇంటికొచ్చిన ఉత్తరం పైకి చదవడం నాన్న రోజుల నుంచి అలవాటు. గోంగూర దగ్గర నవ్వారు కూడా. అరటి గెల దగ్గర తల ఊపారు. తర్వాత ఏముందో చూసుకోకుండా చదువుకుంటూ పోయాను. "ఒక్కటి కూడా వద్దు" అన్న మాట నా నోటినుంచి వచ్చాకే నాకు తెలిసింది. వెనక్కి తీసుకోవడానికి అది నా మాట కాదాయె.

ఆయన లేచి దొడ్లోకి వెళ్ళారు. చేల వైపు కట్టే హారను ఉందే, అంచు సొట్టపడ్డది, దాన్ని దించి తుడిచి గోనెసంచిలో చుట్టి మంచం తలవైపు పెట్టుకున్నారు. అప్పటినుంచి అది అక్కడే ఉంది. ఊడ్చేటప్పుడు కూడా జరపనివ్వడం లేదు.

నువ్వు చెప్పిన రెండుసార్ల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. మన సభలు మిరప కోతల్లోనే పడతాయి. పగటి కూటానికి వచ్చేది మేం కొద్దిమందిమి. ఊళ్ళో సగం ఆడవాళ్ళు చేలో వంగి కాయ కోస్తుంటారు. వాళ్ళు రాలేరని, ఒక హారను అటు తిప్పి కట్టమని నాన్న మీ బావకు చెప్పాడు. అప్పటికి నువ్వు పాలు తాగే పిల్లాడివి. వెంకటేశ్వరమ్మ గారి చేలో నేను మైకులో పాడే పాటకే కోత సాగుతుంది. ఆమె మెళ్ళో తులసిపూసలు, నోట్లో మన కీర్తన. ఖైరున్నీసా అయితే రెండో చరణం నాకంటే ముందు అందుకుంటుందట. పందిట్లోకి వాళ్ళు ఎన్నడూ రాలేదు, మేమూ పిలవలేదు. హారనే మధ్య మనిషి.

నాన్న పోయిన రోజు గుర్తుందా? సభల మధ్యలోనే పోయాడు. మీ బావ మైకు ఆపేశారు. పాట సగంలో ఆగేసరికి ఎవరూ చెప్పకుండానే చేలోవాళ్ళంతా కోత వదిలి గట్ల వెంట మన ఇంటికి వచ్చారు. మన చేలవాళ్ళకు ఇప్పటికీ అదే లెక్క. హారను మోగుతోందంటే ఊళ్ళో అందరూ కుశలం.

దీనికేదైనా దారి చూడు. నీకు చదువు తక్కువే అయినా ఆలోచన తక్కువ కాదు.

మా పెరట్లో మునగ పూత మీద ఉంది. నువ్వొచ్చేసరికి కాయదు, ఏం చేస్తాం.

అక్క


హైదరాబాదు,
30 జనవరి 2007

అక్కా,

చేల హారను సంగతి నాకు కొత్తగా చెప్పాలా? గుంజ ఎక్కి దాన్ని కట్టింది నేను కాదూ? తీగ కొరికి కొరికి ముందు పన్ను అరిగింది కూడా దానికే.

కాని అక్కా, రోజులు మారాయి. చేలో ఇప్పుడు ఎవరి కొంగున వాళ్ళకు రేడియో ఉంది. ఆ హారను ఎవరూ వినడం లేదు, వాళ్ళకు వినపడుతోంది, అంతే. దానికోసం పందిట్లో వాక్యం పాడు చేసుకుంటామా? మొదటిసారి మన ఊళ్ళో కడుతున్నాను. నేను నేర్చుకున్నది ఇదీ అని బావకు వినిపించాలి. ఎవరు మెచ్చుకున్నా నాకు లెక్కలేదు, బావ ఒక్కసారి "ఊఁ" అంటే చాలు. అది చెడితే మళ్ళీ నాలుగేళ్ళు నేను ఆ ఊరి మొహం చూడలేను.

శబ్దం సర్దే మిక్సరు బల్ల దగ్గర నా పక్కన బావకు కుర్చీ వేయిస్తాను. ఏ పనీ చెయ్యనక్కర్లేదు, దర్జాగా కూర్చుంటే చాలు. ఈ మాట మాత్రం పైకి చదవకు, ముందు నువ్వు చూసుకో.

ఆరో తేదీ వ్యానుతో వస్తాం. కుర్రాళ్ళతో పాటు చర్చి గదిలో పడుకుంటాను. ఇంటికి ఎందుకు రాలేదని అడగకు.

ఇమ్ము


హైదరాబాదు,
13 ఫిబ్రవరి 2007

అక్కా,

నీకు చెప్పకుండా వచ్చేశాను. ఆఖరి రోజు నువ్వు ప్రేమవిందులో వడ్డిస్తున్నావు. దూరం నుంచి చూశాను, పిలవలేదు. పిలిస్తే ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను కదలలేను. మూడు రోజులూ నువ్వు ఎవరో పిల్లాడితో పంపిన క్యారేజీ మాత్రం గిన్నె కడిగినట్టు తిన్నాను.

అక్కా, బావకు నా మీద అంత కోపమా?

మొదటి రోజు పగటి కూటం ఎంత బాగా కుదిరిందో నీకు స్టేజీ మీద తెలిసి ఉండదు. నువ్వు పాట ఎత్తితే, చివర గోడకు ఆనుకున్న తాత కూడా తల ఊపాడు. నీ గొంతులో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా నాకు వినపడింది. బావకు వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. పోనీలే అనుకున్నాను. ఇంతలో పందిరి వెనకనుంచి ఒక పెద్ద గుంపు. అందరూ ఆడవాళ్ళు, తలకు గుడ్డలు, ఎర్రటి చేతులు, ముందు వెంకటేశ్వరమ్మ గారు, వాళ్ళందరి మధ్యలో బావ. ఆయన కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. నా పక్కకు వచ్చి నిలబడి, నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుని, వెళ్ళి వాళ్ళతో పాటు వెనక కూర్చున్నాడు. చేలకు పాట లేకుండా చేశానని ఊరిని వెంటబెట్టుకుని నా మీదికి వచ్చాడు కదా. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

రెండో రోజు పొద్దున్నే చూస్తే మైదానం చివర గుంజకు ఆ సొట్ట హారను. చేల వైపు తిరిగి ఉంది. దాని తీగ నేల మీద పరుచుకుంటూ వచ్చి నా బల్ల కాలికి చుట్టి ఉంది. బావ లేడు. అంటే ఏమిటి అర్థం? "నీ పదహారు పెట్టెలు కలిసినా నా ఒక్కదానికి సాటిరావు" అనే కదా. ఆ తీగ కోసేద్దామనుకున్నాను, కత్తెర కూడా తీశాను. కాని నాన్న గుర్తొచ్చాడు. తగిలించాను. మాట గాలిలో నడిచి మైదానం చివరికి వెళ్ళడానికి కాస్త టైము పడుతుంది. అంతసేపు హారనును ఆపి, పెట్టెల మాట అక్కడికి చేరాక కలిసి పలికేలా మిషన్లో సర్దాను. పందిట్లో ఎవరికీ రెండుగా వినపడలేదు. చేలో ఎలా వినపడిందో నాకు తెలియదు. నాకెవరు చెబుతారు?

అయ్యగారు ప్రార్థనలో నా పేరు చెప్పారు. సంఘం శాలువా కప్పింది. నాకు ఆ కుర్చీయే కనపడుతోంది. మూడు రోజులూ ఖాళీగానే ఉంది.

ఈ ఉత్తరం బావ ముందు చదవకు.

ఇమ్మానియేలు


నెమలిపాడు,
20 ఫిబ్రవరి 2007

ఒరేయ్ ఇమ్మూ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్విన సంగతి నీ ఒక్కడి చెవిన పడలేదా? ఎలా పడుతుందిలే, మూడు రోజులూ ఆ నల్ల డిప్పలు చెవులకు తగిలించుకుని కూర్చున్నావు. మీరిద్దరూ ఒకే తీగకు చెరో కొసా ఉన్నారు గనక మాట్లాడుకునే ఉంటారని నేను అనుకున్నాను. ఇది నా బుద్ధితక్కువ. ఇప్పుడు మొదటినుంచీ చెబుతాను.

మొదటి రోజు మీ బావ సభకు రానన్నారు. నేను పోరలేదు. చర్చికి వెళ్ళిపోయాను. ఆయన వరండాలో మంచం మీద పడుకుని, ఈగలు వాలుతున్నాయని తెల్ల దుప్పటి తలనుంచి కాళ్ళదాకా కప్పుకున్నారు. తలవైపు గోనెలో హారను.

అక్కడ చేలో పొద్దెక్కింది. సభలని అందరికీ తెలుసు, పాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. నువ్వేమో ఒక్క మాట బయటికి పోకుండా కట్టావాయె. రాగం లేదు, మాట లేదు. వెంకటేశ్వరమ్మ గారు గట్టు మీద నిలబడి చూస్తే గుంజకు హారను లేదు. ఈ ముప్ఫై ఏళ్ళలో అది లేకుండా సభ జరగలేదు. ఇంకేముంది, "మైకు ఏసోబు పోయాడే!" అందట. కోత అక్కడికక్కడ వదిలేసి, గోనెపట్టాల మీద కాయ కుప్పలు అలాగే పడేసి, అందరూ మన ఇంటికి.

వచ్చి చూస్తే వరండాలో తెల్ల దుప్పటి, తలవైపు గోనె. ఇంట్లో ఇంకో మనిషి లేడు. ఖైరున్నీసా వాకిట్లోనే కూలబడి శోకం ఎత్తుకుంది. "మా ఎండలో తోడు పాడినవాడివి, మాకు చెప్పకుండా పోయావా ఏసోబన్నా" అంటుంటే మిగతావాళ్ళు అందుకున్నారట. వెంకటేశ్వరమ్మ గారు మంచం పక్కన నిలబడి, "ఏమయ్యా, మొన్నటిదాకా రాయిలా ఉన్నావు. మా మొగాళ్ళు ఒక్కరోజు మమ్మల్ని తలుచుకున్నారో లేదో, నువ్వు మాత్రం ఏటేటా మా వైపు తిప్పి కట్టావు" అందట.

ఇదంతా మీ బావ దుప్పటి కింద వింటున్నారు! ముందు నిద్రలో ఎవరో పోయారనుకున్నారట. తర్వాత పోయింది తనేనని తెలిసింది. మరి లేవచ్చు కదా అంటే, "ఎలా లేస్తానే, బతికుండగా ఎవరన్నా చెప్పారా ఇవి? ఇంకో రెండు మాటలు విందామని ఊపిరి బిగబట్టాను" అంటారు. ఈ మనిషితో నేను కాపురం చేస్తున్నాను చూడు.

ఎంతసేపు ఉండేవారో గాని, ఖైరున్నీసా కడచూపు చూసుకుందామని దుప్పటి తీసి రెండు చేతులతో మొహం నిమిరింది. పొద్దుటినుంచి మిరపకాయలు కోసిన చేతులు! ఆయన కేక పెట్టి మంచం మీదనుంచి దూకారు. సగంమంది వీధిలోకి పరుగు. వెంకటేశ్వరమ్మ గారు మాత్రం కదలకుండా, "చచ్చినవాడివి చచ్చినట్టు పడుండక మా కాయ పాడు చేశావు గదయ్యా, మరి పాట ఏదీ?" అని నిలదీసింది. "సభ జరుగుతూనే ఉందమ్మా, మా బామ్మర్ది కట్టాడు, పందిట్లోకి పోతేనే వినపడుతుంది" అన్నారట మీ బావ. "అయితే పద, ఆ వింతేదో చూద్దాం" అని ఆమే ముందు నడిచింది.

ఆ కళ్ళు కోపంతో ఎర్రబడినవి కావురా. అది మన ఊరి మిరపకాయ చేసిన పని. నీ పక్కన నోరు తెరిచింది కూడా తిట్టడానికి కాదు. ఇంటికొచ్చాక చెప్పారు. "దీవెనా, పాట నా పక్కనే కూర్చుని పాడినట్టుందే. నా హారను ఒక్కనాడూ అలా పాడలేదు. వాడితో ఏదో అందామని నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది, ఆడవాళ్ళ ముందు బాగుండదని మూసుకున్నా" అన్నారు.

ఆ ఆడవాళ్ళు వెనక చాపల మీద కూర్చున్నారు. వెంకటేశ్వరమ్మ గారు తన తలగుడ్డ విప్పి పరుచుకుని దానిమీద కూర్చుంది. నేను స్టేజీ మీదనుంచి చూశాను. రెండో చరణం ఖైరున్నీసా నాకంటే ముందే అందుకుంది. ఇన్నేళ్ళుగా నేను ఎవరికి పాడుతున్నానో ఆ మొహాలు ఆ రోజే చూశాను. నీ పెట్టెలు మాట బయటికి పోనివ్వకపోబట్టే వాళ్ళు లోపలికి వచ్చారు. ఇది దేవుని పని అని నేను నమ్ముతున్నాను. మీ బావ మాత్రం దుప్పటి పని అంటున్నారు.

ఇక తీగ సంగతి. మర్నాడు వాళ్ళు కోతకు పోక తప్పదు, రోజూ ఎవరూ చావలేరు కదా. అందుకని హారను కట్టారు. తీగ తెచ్చి నీ బల్లకు చుట్టారుగాని, నిన్ను అడిగే ధైర్యం లేక చేలోకి వెళ్ళిపోయారు. "వాడు వద్దంటే వద్దు. వాడి పందిరి" అని నాతో అన్నారు. వెంకటేశ్వరమ్మ గారి గట్టు మీద నిలబడి చూస్తున్నారట, తగిలిస్తావా లేదా అని. పాట వచ్చింది. హారను గుంజదాకా వచ్చి వింటే హారను పాట, పందిట్లో పాట రెండూ ఒకే అడుగు వేశాయట. "ముప్ఫై ఏళ్ళు కట్టాను, ఎప్పుడూ ఒక మాట వెనక పడేది. వాడు నా ఇనుమును వాడి పెట్టెలతో కలిపి నడిపించాడే" అని, మళ్ళీ వెళ్ళి మిగతా రెండు రోజులూ ఆ గట్టు దిగలేదు. కుర్చీ ఖాళీగా ఉన్నది అందుకే. ఆయన "ఊఁ" అనకపోవడమేమిటి, చేలో కనపడ్డ ప్రతివాళ్ళతో అన్నారు, నీతో తప్ప.

ఇప్పుడు ఆయనేమో, "చెప్పకుండా పోయాడు, హారను కట్టినందుకు కోపం వచ్చింది వాడికి" అని కూర్చున్నారు. నేను చెబితే నమ్మడం లేదు.

వెంకటేశ్వరమ్మ గారు నిన్న దారిలో ఆపి, "దీవెనమ్మా, వచ్చే ఏడు ఎవరూ చావకుండానే మమ్మల్ని పిలవండి" అంది. పిలుస్తానని మాట ఇచ్చాను.

ఏం చేస్తావో నీ ఇష్టం. నేను ప్రార్థన చేస్తున్నాను.

అక్క


హైదరాబాదు,
26 ఫిబ్రవరి 2007

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. మావాళ్ళు నాకేమైందోనని పరిగెత్తుకొచ్చారు. నవ్వుతున్నానని చెప్పినా నమ్మలేదు, కళ్ళు అలా ఉన్నాయి. మిరపకాయ కూడా లేదు ఇక్కడ.

మార్చి ఆఖర్లో పొన్నూరులో సభలున్నాయి. అక్కడా మైదానం పక్కనే చేలు. ఈసారి ముందే అడిగి తెలుసుకున్నాను. అటు తిప్పి కట్టడానికి ఒక హారను కావాలి, కట్టడానికి మనిషి కావాలి. మా ముగ్గురిలో ఎవరికీ ఆ పని బావ కట్టినట్టు రాదు. సొట్టపడ్డదైనా పరవాలేదు. సొట్టపడ్డదే కావాలి.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా బావ ముందు పైకి చదువు. నెమ్మదిగా చదవక్కర్లేదు, ముందు చూసుకోనూ అక్కర్లేదు. వచ్చే ఆదివారం మీరు ఆరాధన ముగించుకుని ఇంటికి చేరే వేళకు నేను ఫోను చేస్తాను. ఫోను ఎక్కడుండేదో అక్కడే, ఆ చొక్కా జేబులోనే ఉండనివ్వు.

మోగితే నువ్వు తియ్యకు.

నీ ఇమ్ము